దిద్దుబాటు - తీర్పు: తెలుగు వ్యాసరచన మూల్యాంకనంలో న్యాయభావన

ప్రస్తావన

తెలుగులో 'దిద్దు' అన్న క్రియకు అర్థాలు ఒకటికంటె ఎక్కువ. పిల్లవాడు పలకమీద ఓనమాలు దిద్దుతాడు. తల్లి బిడ్డ నుదుట బొట్టు దిద్దుతుంది. ఉపాధ్యాయుడు జవాబుపత్రం దిద్దుతాడు. మొదటి రెండు సందర్భాలలో దిద్దడమంటే రూపం ఇవ్వడం. మూడవ సందర్భంలో మాత్రం ఆ మాట క్రమంగా తప్పు పట్టడానికీ, అంకె వేయడానికీ పర్యాయంగా మారిపోయింది. కళాశాల స్థాయి తెలుగు రచనాబోధనలో విద్యార్థులు ప్రకటించే అసంతృప్తికి మూలం ఈ అర్థపరిణామంలోనే ఉంది.

వరంగల్, హనుమకొండ ప్రాంత కళాశాలల్లో తెలుగు బోధించేవారికి ఈ అసంతృప్తి కొత్తది కాదు. గైడులోని సమాధానాన్ని కంఠస్థం చేసి రాసినవారికి మార్కులు నిలుస్తాయనీ, సొంత మాటల్లో రాసినవారికి కోత పడుతుందనీ విద్యార్థులలో ఒక నమ్మకం స్థిరపడింది. దీనిని బద్ధకస్తుల సాకుగా కొట్టివేయడం సులభం. కాని ఆ ఫిర్యాదులో ఒక నైతిక ప్రశ్న దాగి ఉంది: భాషలో దోషాన్ని శిక్షించే అధికారం ఎక్కడనుంచి వస్తుంది? అది ఎప్పుడు న్యాయమవుతుంది? ఈ వ్యాసం ఆ ప్రశ్నను తెలుగు భాషాచరిత్ర, అలంకారశాస్త్రం, నీతిశాస్త్రం అనే మూడు దృక్కోణాలనుంచి పరిశీలిస్తుంది.

చరిత్ర: మార్కుల తగాదాగా మొదలైన భాషోద్యమం

వ్యావహారిక భాషావాదాన్ని సాహిత్యచరిత్రలు సాధారణంగా శైలీవివాదంగా వర్ణిస్తాయి. నిజానికి ఆ వివాదం తీవ్రరూపం దాల్చింది పరీక్షాపత్రంపైన. మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలో దేశభాషా వ్యాసరచన పరీక్షాంశమైన తరువాత, విద్యార్థి ఏ తెలుగులో రాయాలన్న ప్రశ్న అనివార్యమైంది. దానిలో మరొక ప్రశ్న ఇమిడి ఉంది: ఏ తెలుగు రాసిన విద్యార్థికి మార్కులు తగ్గించాలి? 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికాన్ని సమర్థించింది. జయంతి రామయ్య పంతులు ఆ పక్షానికి నాయకత్వం వహించారు. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు శిష్టవ్యావహారికం పక్షాన నిలిచారు. స్కూల్ ఫైనల్ వ్యాసరచనలో ఆధునిక శైలికి కొంతకాలం లభించిన అనుమతి తరువాత ఉపసంహరణకు గురయింది. 1914లో గురజాడ విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం వ్యాసరచనా సంఘం నిర్ణయానికి విరుద్ధంగా రాసినదే. ఆధునిక తెలుగు భాషాచింతనలో అతి ముఖ్యమైన రచనలలో ఒకటి పరీక్షల విధానంపై అభ్యంతరంగా పుట్టిందన్న సంగతి గమనార్హం.

గిడుగువారి వాదపద్ధతిలో ఒక నైతిక సూత్రం ఉంది. గ్రాంథికాన్ని నిర్బంధించాలన్న పండితుల రచనలనే ఆయన పరిశీలించి, వారు విధించే నియమాలను వారే పాటించలేకపోతున్నారని ఉదాహరణలతో చూపారు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము' ఆ పరిశీలనకు నిలువెత్తు సాక్ష్యం. ఇందులో ఉన్నది ఎదుటివారి తప్పులెన్నే ఉత్సాహం మాత్రమే కాదు. కొలిచేవాడు తనకు తాను అన్వయించుకోలేని కొలతతో మరొకరిని కొలవడం అన్యాయమన్నది ఆ గ్రంథంలోని అంతస్సూత్రం. పండితుడు ఏళ్ళ తరబడి అభ్యసించి కూడా సాధించలేని నియమాన్ని పదహారేళ్ళ విద్యార్థి మూడు గంటల్లో సాధించాలనడం కాఠిన్యం కాదు, అసంబద్ధత.

దోషస్వరూపం: నిత్యం, అనిత్యం

కఠినమూల్యాంకనాన్ని సమర్థించేవారికి అలంకారశాస్త్రంలో బలమైన ఆధారమే ఉంది. కావ్యంలో చిన్న దోషాన్నైనా ఉపేక్షించరాదనీ, అందమైన దేహం కూడా ఒక్క కుష్ఠుమచ్చతో వికృతమవుతుందనీ దండి కావ్యాదర్శంలో హెచ్చరించాడు. భామహుడు ఇంకా కఠినుడు. కవి కాకపోవడం పాపం కాదనీ, కుకవిత్వం మాత్రం మరణంతో సమానమనీ ఆయన అభిప్రాయం. కాని ఈ వాక్యాలు కవి కాదలచినవారిని ఉద్దేశించినవి. రాయడం నేర్చుకుంటున్న విద్యార్థి కవిత్వాధికారం కోరడు. అతనికి ఈ ప్రమాణాన్ని యథాతథంగా వర్తింపజేయడం అధికారిభేదాన్ని విస్మరించడమే అవుతుంది.

అదే శాస్త్రపరంపరలో ఆనందవర్ధనుడు చూపిన మార్గం మూల్యాంకనానికి ఎక్కువ ఉపకరిస్తుంది. శ్రుతిదుష్టాది దోషాలు అనిత్యాలనీ, శృంగారంలో వర్జ్యమైనది మరొక రసంలో దోషం కాకపోవచ్చుననీ ధ్వన్యాలోకం ప్రతిపాదించింది. అంటే దోషం పదంలో స్వతస్సిద్ధంగా ఉండదు. పదానికీ ప్రయోజనానికీ మధ్య ఉన్న సంబంధంలో ఉంటుంది. ఈ విభజనను జవాబుపత్రానికి అన్వయిస్తే, ఎర్రసిరా గీసే గీతలన్నీ ఒకే జాతికి చెందినవి కావని స్పష్టమవుతుంది.

'అర్థం' అని రాయవలసినచోట 'అర్ధం' అని రాస్తే మాట సగానికి మారిపోతుంది. అది అర్థభంగం కలిగించే దోషం. 'బాధ'ను 'భాద' అనీ, 'విద్యార్థి'ని 'విధ్యార్థి' అనీ రాయడం వర్ణక్రమదోషం. దిద్దవలసినదే అయినా, దానివల్ల వాక్యం బోధపడకుండా పోదు. కర్తకూ క్రియకూ పొంతన లేకపోవడం వాక్యనిర్మాణదోషం. హేతువు లేకుండా నిర్ణయానికి దూకడం ఆలోచనాదోషం. ఈ నాలుగింటికీ తీవ్రత వేరు, చికిత్స వేరు. మొత్తం కలిపి 'భాష బాగాలేదు' అని ఒక్క మాటతో మార్కులు తగ్గించడం రోగనిర్ణయం లేని మందు వంటిది. మరొక వైపరీత్యం కూడా ఇక్కడ కనబడుతుంది. గైడునుంచి యథాతథంగా దింపిన సమాధానంలో వర్ణక్రమం నిర్దోషంగా ఉంటుంది, ఆలోచన మాత్రం శూన్యం. కాఠిన్యం పైపొరకే పరిమితమైనప్పుడు అది ఆలోచనలేమిని క్షమించి, ఆలోచించే సాహసాన్ని శిక్షిస్తుంది.

మాండలికం: దోషమా, భేదమా

ఓరుగల్లు నేలపై ఈ చర్చ జరిగినప్పుడు ఐదవ వర్గం ఒకటి తప్పక ఎదురవుతుంది. విద్యార్థి 'వచ్చిండు' అని రాస్తే దానిని 'వచ్చాడు' అని దిద్దడం చాలాకాలంగా అలవాటు. కాని 'వచ్చినాఁడు' అన్న గ్రాంథికరూపాన్ని ప్రమాణంగా తీసుకుంటే ఆ రెండు రూపాలూ దానికి దూరం జరిగినవే. ఒకటి ముద్రణలోకీ, పాఠ్యపుస్తకంలోకీ ప్రవేశించి ప్రమాణమైంది. మరొకటి ఇంటిలోనే మిగిలి తప్పయింది. వాటి మధ్య తేడా వ్యాకరణం కల్పించినది కాదు, చరిత్ర కల్పించినది.

వరంగల్ కేంద్రంగా జీవించిన కాళోజీ నారాయణరావు తన జీవితమంతా ఈ అసమానతను ప్రశ్నించారు. ఒక ప్రాంతపు నుడికి భాష అన్న గౌరవం దక్కి, మరొక ప్రాంతపు నుడి యాసగా మిగలడాన్ని ఆయన ఆత్మగౌరవ సమస్యగా చూశారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ రాష్ట్రం భాషాదినోత్సవంగా జరుపుకుంటున్నది. ఏటా ఆ రోజు వేదికపై ఇంటిభాషను కీర్తించి, మరునాడు అదే భాషకు జవాబుపత్రంలో ఎర్రగీత గీస్తే విద్యార్థి గ్రహించే పాఠం ఏమిటి? తన భాష ఉత్సవానికి పనికివస్తుంది, ఆలోచనకు పనికిరాదు అన్నదే.

దీనర్థం ప్రమాణభాష బోధించనక్కరలేదని కాదు. ప్రాంతాల మధ్య, తరాల మధ్య సంభాషణకు ఉమ్మడి రచనాభాష అవసరం. దానిని నేర్పకపోవడం విద్యార్థికి ద్రోహమే. కాని 'ఈ సందర్భంలో ఈ రూపం వాడాలి' అని చెప్పడం వేరు, 'నీ రూపం తప్పు' అని చెప్పడం వేరు. మొదటిది ఔచిత్యబోధ. రెండవది తిరస్కారం. విద్యార్థి మార్కులు పోయినందుకు నొచ్చుకున్నాడని ఉపాధ్యాయుడు భావించే చాలా సందర్భాలలో అతన్ని నొప్పించినది ఈ తిరస్కారమే.

కోపం నైతిక స్పందన కాగలదా

విద్యార్థి నిరసనను కేవలం మనోదౌర్బల్యంగా పరిగణించకూడదనడానికి పి. ఎఫ్. స్ట్రాసన్ 1962లో ప్రకటించిన 'ఫ్రీడమ్ అండ్ రిజెంట్‌మెంట్' అన్న ప్రసంగవ్యాసం తోడ్పడుతుంది. మనిషి మరొకరిపై నొచ్చుకోవడానికి కారణం జరిగిన నష్టం ఒక్కటే కాదనీ, ఆ చర్యలో తనపట్ల వ్యక్తమైన ఉపేక్ష కూడా కారణమనీ ఆయన వాదించాడు. నొచ్చుకోవడమంటే ఎదుటివారిని బాధ్యత కలిగిన మనుషులుగా గుర్తించి, వారినుంచి తగిన గౌరవాన్ని ఆశించడం. ఈ దృష్టితో చూస్తే, దిద్దిన కాగితాన్ని పట్టుకొని అధ్యాపకుని గదికి వచ్చే విద్యార్థి ఆ వ్యవస్థపై ఇంకా నమ్మకం కోల్పోనివాడు. ప్రశ్నించకుండా కాగితాన్ని మడిచి పారవేసేవాడే నమ్మకాన్ని వదులుకున్నవాడు.

ఈ వాదానికి మరొక పార్శ్వం కూడా ఉంది. గౌరవలోపం కాఠిన్యంలో మాత్రమే ఉండదు. ఎవరినీ నొప్పించకుండా అందరికీ ఉదారంగా మార్కులు పంచే అధ్యాపకుడు కూడా విద్యార్థి రచనను చదవలేదు. ఇంటర్మీడియట్‌లో ద్వితీయభాషగా తెలుగుకు బదులు సంస్కృతాన్ని ఎంచుకునే ధోరణి అందరికీ తెలిసినదే. అందులో సంస్కృతంపై అనురాగం కంటె మార్కులు సులభంగా వస్తాయన్న అంచనాయే ఎక్కువగా పనిచేస్తున్నది. దీనికి విరుగుడుగా తెలుగులోనూ మార్కులు ధారాళం చేయాలన్న సూచన వినిపిస్తుంది. అయితే అంకెల ఎరతో నిలుపుకున్న విద్యార్థి అంతకంటె పెద్ద ఎర కనబడగానే వెళ్ళిపోతాడు. అతనికి తెలుగులో ఒక వాక్యం కూడా సొంతం కాదు.

అందుచేత న్యాయాన్ని కాఠిన్యం, ఔదార్యం అనే ద్వంద్వంలో వెదకడం వ్యర్థం. చదివి వేసిన తక్కువ మార్కులో గౌరవం ఉంది. చదవకుండా వేసిన ఎక్కువ మార్కులో అది లేదు.

చదవని కొలత

చదవకుండా వేసే అంకె ఎంత దూరం పోగలదో 2019 ఏప్రిల్‌లో వెలువడిన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు విషాదకరంగా నిరూపించాయి. ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వచ్చినట్లు ప్రకటించారు. పునఃపరిశీలనలో ఆమెకు వచ్చినవి 99 మార్కులని తేలింది. ఓఎంఆర్ పత్రంలో గడులు నింపడంలో జరిగిన పొరపాటు అది. ఆ ఫలితాల అనంతరం ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నట్లు వార్తలు వచ్చాయి. ఉత్తీర్ణులు కానివారందరి పత్రాలనూ ఉచితంగా పునఃపరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది. ఒక్కొక్క మరణానికి కారణాలు అనేకం ఉంటాయి. వాటిని ఒకే సూత్రంతో వివరించబూనడం మృతులకు అన్యాయం. కాని తెలుగు అధ్యాపకలోకం ఒక్క విషయాన్ని విస్మరించరాదు. ఒక విద్యార్థిని తెలుగులో సున్నా తెచ్చుకుందని ఒక పత్రం చెప్పగలిగింది. ఆ అసంభావ్యత ఎవరికైనా తట్టే లోపే అది ఫలితంగా లోకానికి వెల్లడయింది.

ఇది యంత్రదోషమనీ, రచనామూల్యాంకనానికి సంబంధం లేదనీ ఆక్షేపించవచ్చు. పైకి అది నిజమే. కాని అంకెను రచననుంచి వేరుచేసి, అంకెనే సత్యంగా స్వీకరించే అలవాటు ఆ రెండింటికీ ఉమ్మడి పునాది. స్పాట్ వాల్యుయేషన్‌లో రోజుకు ఇన్ని పత్రాలని లెక్కకట్టి దిద్దే అధ్యాపకునికి తీరిక ఉండదన్నదీ వాస్తవమే. అప్పుడు బాధ్యత వ్యక్తిదే కాదు, వ్యవస్థది కూడా. అయినా వ్యవస్థ తొందరను విద్యార్థి దోషంగా నమోదు చేయడం న్యాయం కాజాలదు.

సీసపు కొలబద్ద

న్యాయానికీ ఔచిత్యానికీ గల సంబంధాన్ని వివరిస్తూ అరిస్టాటిల్ నికొమాకియన్ నీతిశాస్త్రం ఐదవ భాగంలో లెస్బోస్ నిర్మాణకారుల సీసపు కొలబద్దను ఉపమానంగా చెప్పాడు. అది రాతి ఆకారాన్ని అనుసరించి వంగుతుంది. వంగినా కొలతగానే ఉంటుంది. నియమం సామాన్యం, సందర్భం విశేషం. నియమం ఊహించని చోట సవరించుకోవడం న్యాయానికి భంగం కాదనీ, అది ఉన్నతమైన న్యాయమనీ ఆయన తాత్పర్యం.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. వంగే కొలబద్ద పక్షపాతానికి దారితీయదా? తెలిసినవారికి వంగి, తెలియనివారికి నిటారుగా నిలవదా? ఈ భయం నిరాధారం కాదు. విద్యార్థులు కూడా తమకు కఠినమైన నియమం కంటె అనిశ్చితమైన నియమమే ఎక్కువ బాధాకరమని భావిస్తారు. అందుకు సమాధానం కొలబద్దను బిగించడం కాదు, బహిరంగం చేయడం. ఏ దోషానికి ఎంత తగ్గుతుందో రచనకు ముందే తెలియాలి. ఆలోచనకూ, నిర్మాణానికీ, వర్ణక్రమానికీ వేర్వేరుగా విలువ కట్టాలి. మాండలికరూపాలను దోషాలలో లెక్కించకుండా, ప్రమాణరూపాన్ని పక్కన సూచించాలి. అన్నిటికంటె ముఖ్యంగా, తరగతి రచనలోనైనా దిద్దిన తరువాత తిరిగి రాసే అవకాశం ఉండాలి. ఓనమాలు ఒక్కసారి రాసి ఎవరూ నేర్వలేదు. గీసిన గీతపైనే మళ్ళీ మళ్ళీ దిద్దడంవల్ల అక్షరం కుదురుకుంది. తిరిగి రాసే వీలులేని మూల్యాంకనం దిద్దుబాటు కాదు, తీర్పు. తీర్పులు కూడా కొన్నిచోట్ల అవసరమే. తుదిపరీక్ష అటువంటిది. కాని బోధన మొత్తం తీర్పులతో నిండినప్పుడు అక్కడ నేర్చుకోవడానికి చోటుండదు.

ముగింపు

గురజాడ 1910లో రాసిన 'దిద్దుబాటు' కథలో కమలిని భర్తను దిద్దిన తీరు ఈ సందర్భంలో స్మరణీయం. ఆమె భర్త తప్పును మన్నించి ఊరుకోలేదు. అతనికి గట్టిగానే బుద్ధి చెప్పింది. ఇల్లు విడిచి వెళ్ళిపోయినట్లు భ్రమింపజేసి, అతన్ని తన తప్పు తాను చూసుకునే స్థితికి తెచ్చింది. అయితే ఆమె నిజంగా వెళ్ళిపోలేదు, ఆ గదిలోనే ఉంది. కాఠిన్యం దిద్దుబాటు కావడానికి ఇదే నియమం. దిద్దేవారు అంకె వేసి తప్పుకోరాదు. దిద్దబడేవారి మేలు కోరుతూ, వారికి అందుబాటులో ఉండాలి. మార్కుల కాఠిన్యంపై విద్యార్థి చేసే ఫిర్యాదు చాలా సందర్భాలలో ఆ సామీప్యం కోసం చేసే అభ్యర్థన. దానిని విని తన కొలబద్దను పరీక్షించుకున్న అధ్యాపకుడు ప్రమాణాన్ని తగ్గించినవాడు కాడు, దానికి న్యాయార్హత సంపాదించినవాడు.