లేత కొమ్మను కోయుట హింసయా?

ఫలమిచ్చు చెట్టును నరికినవాడు ప్రాయశ్చిత్తముగా నూరు ఋక్కులు జపింపవలెనని మనువు శాసించెను. వృక్షములకు లోపల స్పృహ కలదనియు, సుఖదుఃఖములు వానికిని ఉన్నవనియు మొదటి అధ్యాయముననే చెప్పెను. పాఠశాలలో దీనిని వల్లించిన నాటినుండి నేను పచ్చని కొమ్మపై కత్తి పెట్టి యెరుగను. దానిని దయ యనుకొంటిని. మొన్న వైశాఖమున వచ్చిన గాలివాన ఆ నమ్మకమును కదిలించినది.

తాండూరులో మా యింటి పెరడంతయు బండలు పరచినది. ఒక మూల రెండు బండలు తీయించి బంగినపల్లి అంటు నాటి ఏడేండ్లయినది. మూరెడెత్తుననే మొదలు రెండుగా చీలి, రెండు కొమ్మలును ఒకదానినొకటి ఒరసికొని నిట్టనిలువుగా పెరిగినవి. చూచుటకు జోడు స్తంభములవలె ముచ్చటగా ఉండెడిది. ఈ యేడు విరగకాచినది. ఆ రాత్రి గాలికి పంగలో చీలి, సగము చెట్టు కాయలతో సహా నేలకూలినది.

మూసీ పుట్టిన అనంతగిరి దిగువను, వికారాబాదు సమీపమున, మామిడితోట చూచుకొను వృద్ధుడొకడు కలడు. అనంతపద్మనాభస్వామి దర్శనమునకు పోయినప్పుడెల్ల అతని చెట్ల నీడన కొంతసేపు కూర్చుండుట నా అలవాటు. సంగతి విని అతడు, "పంగ ఇరుకుగుంటే నడుమ బెరడు ఇరుక్కుంటది అయ్యగారూ. కట్టెకు కట్టె కలువది. మొదటేడు గోరుతోని గిల్లితె పోయేది. మీరు జాలిపడ్డరు" అనెను.

పిమ్మట తన లేత చెట్లను చూపెను. అంటు కట్టిన చోటికి దిగువన పుట్టు చిగుళ్లను ఎప్పటికప్పుడు తీసివేయవలెను. అవి నాటు వేరువి, బంగినపల్లివి కావు. మొదలును రెండు మూడడుగుల వరకు ఒక్కటిగా పోనిచ్చి తల త్రుంచవలెను. అప్పుడు వచ్చు కొమ్మలలో తలకొక దిక్కునకు పోవు మూడు నాలుగింటిని, అన్నియు ఒకే చోట పుట్టినవి కాకుండ కొంత ఎడమెడముగా నిలుపవలెను. నిటారుగా లేచినదానికంటె వెడల్పుగా చేయి చాచిన కొమ్మయే బరువు మోయును. కోయునపుడు కొమ్మ పాదమున ఉంగరమువలె ఉబ్బిన భాగమును విడిచి కోసినచో గాయము తానే కమ్ముకొనును. మొదటి రెండు మూడేండ్ల పూతను దులిపివేయవలెను. కోతపై మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో ముద్దను పూయవలెను.

వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున చెట్టు చికిత్సకు మొదట శస్త్రశోధనమును, పిమ్మట వాయువిడంగములు, నెయ్యి, బురద కలిపిన పూతను చెప్పినాడు. ఆ శ్లోకమును ఎన్ని మారులు పాఠము చెప్పితినో! అది చేయవలసిన పనియని ఆ వృద్ధుని చేతిలోని ముద్దను చూచువరకు నాకు తోచలేదు. మా తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. పక్క కొమ్మలు వచ్చుటకై కంది తలలు త్రుంచుటయు నేనెరిగినదే. దానిని హింస యని ఏనాడును అనుకొనలేదు. ఏటి పంట గనుక కాబోలు.

అట్లని కోత యంతయు ధర్మమేనా? అడవిలో తానై మొలచిన మామిడికి ఎవరును కత్తి పెట్టరు. నీడ పడిన దిగువ కొమ్మలను అదియే ఎండించి రాల్చుకొనును. పెద్ద కాయ కోరి అంటు కట్టి, ఎరువు వేసి బరువు పెట్టినవారము మనము. ఆ బరువు మోయు భుజమును సిద్ధపరచుటయు మనకే చెందును. కులశేఖరాళ్వారులు పెరుమాళ్ తిరుమొళిలో, కోసి కాల్చినను వైద్యునిపై ప్రేమ వీడని రోగిని తలచినారు. కాని రోగి తానుగా వైద్యుని కడకు పోవును. చెట్టు అట్లు రాలేదు, వలదనియు అనలేదు. కనుకనే యూపమునకై చెట్టును కొట్టునపుడు వైదికులు నడుమ దర్భ నుంచి, చెట్టును రక్షింపుమని దానిని, హింసింపకుమని గొడ్డలిని వేడుదురు. కొట్టిన మొదటిపై ఆజ్యము వేల్చి, నూరు శాఖలుగా మొలకెత్తుమందురు. చిన్ననాడు నాకది వట్టి మాటగా తోచెడిది. కొట్టువాని చేయి వణకవలెననియే ఆ మంత్రములని ఇప్పుడనిపించుచున్నది.

ఒక శిష్యుని తలపు వచ్చుచున్నది. మెరుపువంటి ధారణ. కావ్యము, వ్యాకరణము, జ్యోతిషము, సంగీతము అన్నియు ఒక్కసారి మొదలుపెట్టెను. ఏదియు విడువుమని నేను చెప్పనైతిని. నొచ్చుకొనునని కాదు, నాపై ప్రేమ తగ్గునని. అతడు దేనిని ముగింపలేదు. ఎక్కడనో చిన్న కొలువులో ఉన్నాడని వింటిని. నా వద్దకు వచ్చి చాల యేండ్లయినది.

మిగిలిన సగము చెట్టునకు చీలిక అంచులు నున్నగా చెక్కించి ముద్ద పూయించితిని. ఆషాఢమున ప్రక్కనే మరియొక అంటు నాటితిని. అంటు కట్టుకు దిగువన రెండు చిగుళ్లు వచ్చినవి, ఎఱ్ఱగా, మెరయుచు. గిల్లవలసినవే. రెండు దినములుగా ప్రొద్దున్నే పోయి చూచి వచ్చుచున్నాను.