కాపలా లేని చదువు

చిరంజీవి అమ్మలుకు,

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో నీకు ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఫీజు, హాస్టల్, సామాన్ల సంగతి అతను చూసుకుంటాడు. ఎవరూ ఫారంలో రాయించుకోని బాధ్యతలు కొన్ని ఉంటాయి. ఈ ఉత్తరం వాటి గురించే.

మన రెండు తెలుగు రాష్ట్రాల పిల్లల్లో చాలామంది విశ్వవిద్యాలయానికి ఒకే దారిన చేరుకుంటారు. ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీ. తెల్లవారుజామున స్టడీ అవర్, పగలంతా క్లాసులు, రాత్రి మళ్లీ స్టడీ అవర్, వారం వారం పరీక్ష. ఏ రోజు ఏ పాఠం చదవాలో కాలేజీ చెబుతుంది. ఏ ప్రశ్న ముఖ్యమో మెటీరియల్ చెబుతుంది. కునుకు పడితే వార్డెన్ లేపుతాడు. డిగ్రీలో ఆ పట్టు కాస్త సడలుతుంది, ఆ లోటును గైడు పూడుస్తుంది. ఇలా పెరిగిన విద్యార్థి విశ్వవిద్యాలయం మెట్లెక్కేసరికి వార్డెన్ లేపడు, మెటీరియల్ దొరకదు, అధ్యాపకుడు సిలబస్ చెప్పి, చదవాల్సిన నాలుగు పుస్తకాల పేర్లు చెప్పి వెళ్లిపోతాడు. కొందరికి ఆ ఖాళీ భయం పుట్టిస్తుంది. ఇంకొందరికి అది సెలవులా కనిపిస్తుంది. నిజానికి చదువు బరువు పూర్తిగా విద్యార్థి భుజాల మీదికి మారేది అక్కడే.

ఆ బరువును మోసిన మనిషి ఒకరు నువ్వు చేరబోయే క్యాంపస్‌లోనే చదివారు. స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1920లో, ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. పూర్తి చేశారు. చిన్నప్పుడు తల్లి లక్ష్మీకాంతమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేపి, నూనె దీపం వెలిగించి చదువుకోమనేదని ఆయన పెద్దయ్యాక కృతజ్ఞతతో రాసుకున్నారు. ఆ తర్వాతి దారి ఆయనే ఎంచుకున్నారు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి విని, 1941లో అందులో చేరారు. అప్పటికి స్టాటిస్టిక్స్ శాస్త్రం మన దేశంలో ఇంకా కొత్తది. అందులోకి దిగమని ఆయన్ను ఎవరూ తరమలేదు.

ఆ తర్వాత జరిగినది ప్రతి విద్యార్థికీ తెలియాలి. యుద్ధకాలంలో రావుగారు కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నారు. ఆయనకింకా పాతికేళ్లు నిండలేదు. శాంపుల్ చాలా పెద్దదైనప్పుడు అంచనాల కచ్చితత్వం గురించి స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఫిషర్ చెప్పిన ఫలితాన్ని ఒకరోజు వివరించారు. శాంపుల్ చిన్నదైతే ఇలాంటిదే ఎందుకు నిరూపించకూడదని ఒక విద్యార్థి అడిగాడు. ఆ రాత్రి రావుగారు కూర్చుని లెక్క తేల్చారు, మర్నాడు క్లాసులో నిరూపించి చూపారు. ఒక అంచనా ఎంత మంచిదైనా దాని కచ్చితత్వానికి ఒక హద్దు ఉంటుందని చెప్పే ఆ ఫలితం 1945 నాటి ఆయన వ్యాసంలో అచ్చయింది. క్రామర్–రావు అసమానత పేరుతో ఇవాళ ప్రపంచమంతా చదువుతున్నది దాన్నే. 2023లో, నూట రెండేళ్ల వయసులో, రావుగారికి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి తెచ్చిపెట్టిన పనికి ఆ వ్యాసమే పునాది. ఆ ప్రశ్న అడిగిన విద్యార్థి వి.ఎం. దాండేకర్. ఆయన తర్వాత ఆర్థికవేత్త అయ్యారు, మన దేశంలో పేదరికాన్ని ఎలా కొలవాలో చెప్పినవారిలో ముఖ్యులయ్యారు.

క్లాసులో అర్థం కానిది అడగడం మర్యాద తక్కువ పనని మన పిల్లలకు ఎవరు నేర్పారో తెలియదు. సార్ ఏమనుకుంటారో, పక్కవాళ్లు నవ్వుతారేమో అని నోరు మూసుకుంటారు. జిల్లా పరిషత్ బడిలో తెలుగు మీడియం చదివి వచ్చినవారికి ఇంగ్లిష్ ఆ నోటికి ఇంకో తాళం వేస్తుంది. వచ్చీరాని ఇంగ్లిష్‌లో అడిగినా, తెలుగులో అడిగినా ప్రశ్న ప్రశ్నే. అడగనివాడు తనకు తాను నష్టం చేసుకోవడంతో ఆగడు, ఆ క్లాసుకే నష్టం చేస్తాడు. అదే సందేహం ఉన్నవారు వెనక బెంచీల్లో ఇంకా నలుగురుంటారు.

ఇక నిజాయతీ. స్టాటిస్టిక్స్ చదివే మనిషికి ఇది నీతి పాఠంగానే మిగలదు, అది వృత్తికే వెన్నెముక. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వ్యవస్థాపకుడు మహలనోబిస్ సర్వేలు చేయించేటప్పుడు ఒకే ప్రాంతానికి వేర్వేరు శాంపుళ్లు తీసి, వేర్వేరు బృందాలను పంపేవారు. ఒకరి లెక్కకూ మరొకరి లెక్కకూ పొంతన కుదరకపోతే లోపం పట్టుబడుతుంది. ఇంటింటికీ తిరగాల్సిన మనిషి చెట్టు కింద కూర్చుని కాగితాలు నింపేస్తే, ఆ అంకెల మీద కట్టిన ప్రణాళికంతా అబద్ధమవుతుందని ఆయనకు తెలుసు. కేంబ్రిడ్జిలో రావుగారి పరిశోధనకు మార్గదర్శి అయిన ఫిషర్, జన్యుశాస్త్రానికి ఆద్యుడైన మెండెల్ బఠాణీ మొక్కల లెక్కలను 1936లో మళ్లీ పరిశీలించి, అవి నమ్మశక్యం కానంత పొందికగా ఉన్నాయని తేల్చారు. ఏ జవాబు రావాలో తెలిసిన సహాయకుడెవరో అంకెలను సర్ది ఉంటాడని అనుమానించారు. మెండెల్ సిద్ధాంతం నిలబడింది, ఆ అంకెల మీద చర్చ మాత్రం నేటికీ ఆగలేదు.

క్యాంపస్‌లో ఈ అబద్ధం చిన్న రూపాల్లో మొదలవుతుంది. రాని స్నేహితుడికి ప్రాక్సీ పలుకుతారు. పరీక్షకు కూర్చోవాలంటే 75 శాతం హాజరు కావాలి కనుక అది సాయంలా కనిపిస్తుంది. కానీ హాజరు పట్టిక కూడా ఒక లెక్కే, అందులో దొంగ గీత పెట్టే చెయ్యే రేపు ప్రాజెక్టులో దొంగ అంకె వేస్తుంది. సీనియర్ల రికార్డు చూసి ప్రాక్టికల్స్ రాయడం, నెట్‌లో దొరికిన పేరాలను అతికించడం, ఇప్పుడు చాట్‌బాట్ రాసినదాన్ని తన పేరుతో ఇవ్వడం, అన్నీ ఆ వరసలోనివే. యూజీసీ 2018లో తెచ్చిన నియమావళి ప్రకారం సిద్ధాంత వ్యాసంలో పోలిక 10 శాతం దాటితే శిక్షలు మొదలవుతాయి, 60 శాతం మించితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. సాఫ్ట్‌వేర్‌కు దొరకనంత మాత్రాన అరువు సొంతమైపోదు. తెలియని విషయాన్ని చాట్‌బాట్‌ను అడిగి తెలుసుకోవచ్చు. తర్వాత దాన్ని మూసేసి, ఆ నిరూపణను తెల్ల కాగితం మీద సొంతంగా రాయగలిగితేనే చదివినట్టు.

ఈ సీటు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా విద్యార్థికి తెలిసి ఉండాలి. 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు మారింది. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఇచ్చిన భారీ విరాళాలు దాన్ని నిలబెట్టాయి. అందుకే అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరు. ఇవాళ దాన్ని నడిపే ప్రభుత్వ సొమ్ములో, జీవితంలో ఆ గేటు దాటని కూలీ మహిళ కట్టిన పన్ను కూడా ఉంది. సబ్బు కొన్నా, ఫోన్ రీఛార్జ్ చేయించినా ఆమె పన్ను కడుతుంది. ఆ సీటులో కూర్చున్నవారు లైబ్రరీ పుస్తకంలో పేజీలు చించినా, ల్యాబ్ పరికరం పాడు చేసి చెప్పకుండా వెళ్లినా, పోయేది ఆమె సొమ్ము.

తోటివారి పట్ల బాధ్యత హాస్టల్లో తేలుతుంది. ర్యాగింగ్‌ను నేరంగా పరిగణించే చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే వచ్చింది. 2009 యూజీసీ నిబంధనల తర్వాత విద్యార్థీ, తల్లిదండ్రులూ హామీపత్రం ఇవ్వాల్సి వస్తోంది. అయినా ర్యాగింగ్ పూర్తిగా పోలేదు. మొదటి ఏడు భరించినవారే రెండో ఏడు తమ వంతు వచ్చిందనుకోవడం ఒక కారణం. ఆ గొలుసు ఎక్కడో ఒకచోట తెగాలి. కులం అడిగి పక్కకు జరిగేవారూ, యాసను వెక్కిరించేవారూ ప్రతి హాస్టల్లో ఉంటారు. చూసి ఊరుకోవడం కూడా అందులో పాలుపంచుకోవడమే.

చదువుకునేవాళ్లకు రాజకీయాలెందుకని కొందరు పెద్దలు అంటారు. చరిత్ర అలా చెప్పదు. 1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడొద్దని ఆంక్ష పెడితే విద్యార్థులు వినలేదు, బహిష్కరణకు గురయ్యారు. వారిలో చాలామంది చదువు వదిలెయ్యలేదు, చేర్చుకోవడానికి ముందుకొచ్చిన నాగపూర్ విశ్వవిద్యాలయానికి వెళ్లి కొనసాగించారు. అలా వెళ్లినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి కూడా స్వాతంత్ర్యోద్యమం మీద ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా పదవి వదులుకున్నారు. విషయం చదివి, అర్థం చేసుకుని, తన పేరుతో నిలబడి మాట్లాడటం విద్యార్థి హక్కూ, పనీ. ఎవరో ఫార్వర్డ్ చేసినదానికి ఊగిపోయి బస్సు అద్దాలు పగలగొట్టడం ఆ కోవలోకి రాదు. ఓటు హక్కు వయసును 21 నుంచి 18కి తగ్గించిన 61వ రాజ్యాంగ సవరణ 1989లో అమల్లోకి వచ్చింది. హాస్టల్లో ఉండే విద్యార్థి ఓటు ఊళ్లోనైనా ఉంచుకోవచ్చు, హాస్టల్ చిరునామాకైనా మార్పించుకోవచ్చు. రెండుచోట్లా ఉండకూడదు. ఎక్కడ ఉంచుకోవాలో చేరిన మొదటి నెలలోనే తేల్చుకుంటే మంచిది.

చివరిగా ఇంటి సంగతి. దూరంగా ఉండి చదివే పిల్లలు తల్లిదండ్రులకు బాధ కలిగించకూడదని చెడ్డ వార్తలు దాస్తారు. మొదటి సెమిస్టర్లో ఒక పేపర్ తప్పడం, లోన్ యాప్‌లో ఐదు వేలు తీసుకోవడం, సీనియర్ ఎవరో వేధించడం, ఇవి మొదటి వారంలో చెబితే పరిష్కరించగల సమస్యలు. ఆరు నెలలు దాస్తే ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. తప్పిన పేపర్ మళ్లీ రాసుకోవచ్చు, దానికి ఈ ఇంట్లో ఎవరూ నిన్ను తిట్టరు. నిద్ర పట్టని రాత్రి ఎన్ని గంటలకైనా సరే ఫోన్ చెయ్యి. మీ నాన్న ఎత్తకపోతే నాకు చెయ్యి. నా ఫోన్ మంచం పక్కనే ఉంటుంది.

ఆశీస్సులతో,
తాతయ్య