జింకపిల్ల, కుక్క, లక్ష్మి

పుస్తకాల పిచ్చి ఉన్న ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే దానికీ ఆ పిచ్చి అంటుకుంటుంది. నాకు తెలిసిన ఒక విశ్రాంత తెలుగు మాస్టారికి తెల్లవారితే వరండాలో పడక్కుర్చీ, చేతిలో కాఫీ గ్లాసు, ఒళ్లో భారతమో భాగవతమో. కుర్చీ కింద సోముడు. వీధిలోంచి వచ్చి చేరిన కుక్క వాడు. పిల్లగా ఉన్నప్పుడు భాగవతం మూల కొరికేస్తే మాస్టారు ఆ పుస్తకానికి ఖాకీ అట్ట వేసుకున్నారే తప్ప వాడి మీద చెయ్యెత్తలేదు. చదవడం ముగించి పుస్తకం మూస్తే చాలు, ఆ చప్పుడుకే సోముడు లేచి, ఒళ్లు విరుచుకుని గేటు వైపు నడిచేవాడు. ఇక షికారు వేళ అని వాడి లెక్క.

కిందటి వానాకాలం సోముడు పోయాడు. ''పుస్తకం మూశాక ఇంకా కుర్చీ కిందకే చూస్తున్నానండీ'' అన్నారు మాస్టారు. అంతకు మించి ఏమీ అనలేదు. చుట్టుపక్కల వాళ్లు మాత్రం చాలా అన్నారు. కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకుంటే పోలా అని ఒకరు. ఇన్ని పురాణాలు చదివీ ఈ మమకారం ఏమిటని మరొకరు. జడభరతుడి కథ ఎత్తినవారూ ఉన్నారు.

ఎత్తినవారు ఆ కథను చివరిదాకా చెప్పి ఉంటే బాగుండేది. అది పోతన భాగవతంలో పంచమ స్కంధంలోది, ఆ స్కంధాన్ని తెలిగించినవాడు గంగన. భరతుడు రాజ్యం వదిలి గండకీ తీరంలో తపస్సుకు కూర్చున్నాడు. సింహగర్జనకు బెదిరిన చూలు లేడి నది దూకుతూ పిల్లను ఈని, ఆపై ప్రాణం విడిచింది. నీళ్లలో కొట్టుకుపోతున్న దాని పిల్లను ఒడ్డుకు తెచ్చి సాకాడాయన. దాని ధ్యాసలో పడి పూజ, జపం ఒక్కొక్కటే జారవిడిచాడు. చివరి ఘడియలోనూ దాన్నే తలచుకుని జింకై పుట్టాడు. పిల్లను కాపాడటం తప్పని ఆ కథ చెప్పలేదు, చేయవలసిన పని వదిలేయడమే తప్పంది. పైగా జింకగా పుట్టినా ఆయనకు పూర్వజన్మ స్మృతి పోలేదు. ఆ తర్వాతి జన్మలో జడభరతుడై పల్లకి మోస్తూ రహూగణ మహారాజుకు తత్త్వం బోధించిందీ ఆయనే. సోముడు పోయిన మర్నాడు కూడా పారాయణ మానని మనిషిని ఈ కథ చెప్పి బెదిరించడమేమిటి!

భారతంలోనైతే కుక్కది పెద్ద పీటే. ఏ తప్పూ చేయని కుక్కపిల్లను యజ్ఞశాల దగ్గర జనమేజయుడి తమ్ముళ్లు కొడితే, దాని తల్లి సరమ నేరుగా వెళ్లి రాజునే నిలదీస్తుంది. ఇది ఆదిపర్వంలో మాట. చివర్లో, మహాప్రస్థానంలో మరో కుక్క. ద్రౌపది, నలుగురు తమ్ముళ్లు ఒకరి తర్వాత ఒకరు నేలకొరిగాక ధర్మరాజు వెంట మిగిలింది అదే. కుక్కతో స్వర్గానికి రావద్దన్నాడు ఇంద్రుడు. నమ్మి వెంట వచ్చినదాన్ని విడిచి రానన్నాడు ధర్మరాజు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. మధ్యలో ఒక వాదన ఉంది, దాన్ని చాలామంది దాటేస్తారు. తమ్ముళ్లనూ భార్యనూ వదిలి వచ్చినవాడివి, ఈ కుక్కను వదలలేవా అని ఇంద్రుడు ఎత్తిపొడుస్తాడు. వాళ్లు మరణించారు, బతికించడం నా చేతిలో లేదు, ప్రాణంతో ఉండగా మాత్రం వదలలేదు అంటాడు ధర్మరాజు.

సాకిన ప్రాణి పోయిన ఇంట్లో దుఃఖం కన్నా ఎక్కువగా తొలిచేది ఇంకొకటి ఉంటుంది. ఒక్కరోజు ముందు డాక్టరుకు చూపించి ఉంటేనో, ఆ రాత్రి లేచి చూసి ఉంటేనో అన్న నస. దానికి ధర్మరాజు మాటే మందు. బతికున్నన్నాళ్లూ వదలలేదు కదా! పోయాక ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. కంటతడి మాటంటారా, అది అజ్ఞానమని నేను అనుకోను.

జ్ఞాని ఎలా ఉంటాడో చూడాలంటే సూరి నాగమ్మగారి 'శ్రీరమణాశ్రమ లేఖలు' తిరగేయాలి. తెలుగులో ఇంత దగ్గరి నుంచి రమణ మహర్షిని చూపించిన పుస్తకం మరొకటి నాకు తెలియదు. 1926లో దూడగా తిరువణ్ణామలై ఆశ్రమానికి వచ్చిన లక్ష్మి అనే ఆవు 1948 జూన్ 18న కన్నుమూసింది. నువ్వు ఈ దేహానివి కాదని జీవితమంతా చెప్పిన మహర్షి, ఆ రోజు గోశాలకు వెళ్లి దాని పక్కన కూర్చున్నారు. ఒంటి మీద చెయ్యి వేశారు. తర్వాత లక్ష్మికి ఆశ్రమంలోనే సమాధి కట్టారు, ఆవు ముక్తి పొందిందని మహర్షే తమిళంలో పద్యం రాశారు. ఆయన జ్ఞానానికి దీనివల్ల వచ్చిన లోటేమీ లేదు.

ఆ ఆశ్రమంలో లక్ష్మి సమాధితో పాటు ఒక కుక్కకు, ఒక జింకకు, ఒక కాకికి కూడా సమాధులున్నాయి. గిరిప్రదక్షిణ తొందరలో చాలామంది అటువైపు వెళ్లరు. ఈసారి అరుణాచలం వెళితే చూసి రండి.