రిబ్కా ముసుగు, అక్క ఫోను

మ్యూజియంలో ఫోను తీసేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. కళ్ళతో చూడాల్సిన దాన్ని కెమెరాకి అప్పగించేస్తున్నారని. సాహిత్యంలో డాక్టరేటు చేసిన దాన్ని కదా, ఎలా చూడాలో నాకే తెలుసన్న అహం కూడా ఆ చిరాకులో ఉందని ఈమధ్యే అర్థమైంది.

2023 డిసెంబరులో తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక, మేడ్చల్, శామీర్‌పేటల పొదుపు సంఘాల స్త్రీలు కొందరితో సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్ళాను. చాలామందికి అదే మొదటిసారి. ముసుగు రెబెకా దగ్గరికి రాగానే అందరి ఫోన్లూ పైకి లేచాయి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఈ పాలరాతి బొమ్మని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. ముఖం కనిపించేంత పల్చటి ముసుగుని రాతిలో ఎలా చెక్కాడా అన్నదే దాని గురించి అందరూ చెప్పుకునేది. నేనూ అదే చెప్పబోతూ, "ముందు కళ్ళతో చూడండి, ఫోటోలు తర్వాత" అని విసుక్కున్నాను.

మేడ్చల్ అక్క ఒకామె ఫోను దించలేదు. "ఈమె రిబ్కనే గద మేడమ్? మా చర్చిల చెప్తరు" అంటూ ఫోన్లో తెలుగు బైబిలు ఆడియో పెట్టింది. బావి దగ్గర పరాయివాడి ఒంటెలకి కూడా నీళ్ళు తోడిపోసిన పిల్ల. పెళ్ళికి తీసుకుపోతామంటే ఇంట్లోవాళ్ళు ఆమెనే పిలిచి అడిగారు. వెళ్తానంది. కాబోయే భర్తని దూరం నుంచి చూసి ముసుగు వేసుకుంది.

"ఆమెనన్న అడిగిండ్రు, పోతవా అని. నన్నెవ్వలడగలె."

ఇన్నాళ్ళూ శిల్పి నైపుణ్యాన్నే పొగిడిన నేను, ముసుగు వెనకున్న మనిషి ఎవరని ఒక్కసారీ అనుకోలేదు.

అంతలో అదే ఫోను మోగింది. భర్త. ఎక్కడుందో చూపించమని వీడియో కాల్. ఆమె ఫోనుని చుట్టూ తిప్పి మా అందరినీ చూపించింది. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

మ్యూజియంలో ఫోను మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న నాకిప్పుడు చాలడం లేదు. ఒక స్త్రీ తన చూపుకి ఎవరికి లెక్క చెప్పాలి? ఆయన ఫోనులోంచి, నేను పక్కన నిలబడి, ఇద్దరం ఆమె మీద కాపలా కాశాం. ఆయనది అనుమానం, నాది సంస్కారం అని సర్దిచెప్పుకోవచ్చు. ఆమె వైపు నుంచి ఆ తేడా ఎంత?

బయటికొచ్చేముందు, రిబ్కా పక్కన తన ఫోటో తీయమని ఫోను నా చేతికిచ్చింది. నాలుగు తీశాను. ఏది ఉంచుకోవాలో ఆమే చూసుకుంది.