కదిలితే మోగేది

నాకు ఏడేళ్ళప్పుడు అమ్మ పట్టీలు కొంటూ మువ్వలున్నవే కావాలని పట్టుబట్టింది. ఆ చప్పుడంటే నాకెంతో ఇష్టం. అది నా ముచ్చట కోసం కాదనీ, నేను పెరట్లో ఉన్నానో వీధిగుమ్మం దాటానో వంటింట్లోంచే తెలియడానికనీ చాలా ఏళ్ళ తర్వాత అమ్మే నవ్వుతూ చెప్పింది. పెద్దమనిషినయ్యాక, మరీ చప్పుడు చేస్తున్నాయని నాయనమ్మ అవే పట్టీలు తీయించేసింది. మోగమన్నదీ వాళ్ళే, మోగొద్దన్నదీ వాళ్ళే.

ఇదంతా మళ్ళీ గుర్తు రావడానికి కారణం నాచారంలో మా కాలనీ పార్కు గోడకి బిగించిన ఒక చిన్న తెల్లటి డబ్బా.

పార్కు వెనక నడకబాటలో కొంత మేర చీకటి. ఒక పక్క ప్రహరీ, ఇంకో పక్క గుబురు చెట్లు. పొద్దున్నే నడిచే ఆడవాళ్ళం అక్కడికి రాగానే మాటలాపి అడుగు వేగం పెంచేవాళ్ళం. ఒక రోజు మాలో ఒకామె మెడలో గొలుసు తెంపుకుపోయారు. కాలనీ సంఘం సమావేశం పెట్టింది. గుబురు కొట్టించాలనీ, దీపాలు వేయించాలనీ కొందరన్నారు. మనిషి కదిలితే చాలు గట్టిగా మోగే సైరన్ ఉంటుంది, చవక, రెండు రోజుల్లో వచ్చేస్తుంది అన్నాడొకాయన. ఆడవాళ్ళలో మొదట చెయ్యెత్తింది నేనే. ఇన్నాళ్ళూ స్త్రీల భద్రత గురించి రాస్తున్నదాన్ని, మగవాళ్ళు తమంతట తాము ఏదో చేస్తామంటే వద్దని ఎలా అంటాను?

అది ఎలా పనిచేస్తుందో తర్వాత తెలుసుకున్నాను. మన ఒంటి నుంచి కంటికి కనపడని పరారుణ కిరణాలు వెలువడుతుంటాయి. లోపలి సెన్సార్ తన ఎదుటి స్థలాన్ని ముక్కలు ముక్కలుగా చూస్తుంది. ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి వేడి జరిగితే మోగిస్తుంది. అంతే. ఆ వేడి ఎవరిదో, ఏ ఉద్దేశంతో వచ్చిందో దానికి అక్కర్లేదు. ఎండాకాలంలో గాలి వేడీ ఒంటి వేడీ దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు దాని చూపు మందగిస్తుంది కూడా. అన్నిటికంటే ముఖ్యం, కదలని మనిషిని అది పట్టలేదు. గుబురు చాటున పొంచి ఉన్నవాడు కదలడు కదా! కదిలేది, నడవడానికి వచ్చిన నేను.

చప్పుడు చేసి ప్రమాదాన్ని దూరంగా ఉంచడం మనకి కొత్తేమీ కాదు. జొన్నచేలో మంచె మీద నిలబడి డబ్బా కొట్టి, కేకలేసి, వడిసెల తిప్పి పిట్టల్ని తోలిన ఆడపిల్లలు మన ఊళ్ళలో ఎందరో. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపను చిరుత చంపేసింది. ఆ తర్వాత దేవస్థానం వాళ్ళు భక్తులకు చేతికర్రలిచ్చారు, గుంపులుగా వెళ్ళమన్నారు. దారి పక్క అడవిలో, ఏదైనా కదిలితే ఫోటో తీసే కెమెరాలు పెట్టారు. మధ్యాహ్నం 2 దాటాక చిన్నపిల్లల్ని నడకదారిలోకి రానివ్వలేదు. కర్రలు చూసి జనం ఎగతాళి చేశారు గానీ, గుంపుగా గోవింద కొట్టుకుంటూ నడవడంలో అర్థముంది. మామూలుగా చిరుతకు మనిషి ఎదురుపడడం ఇష్టముండదు; అలికిడైతే తప్పుకుంటుంది. మరి మగవాడు? సైరన్‌కి అతను బెదరాలంటే, అది మోగాక ఎవరో ఒకరు వస్తారనీ, వచ్చినవాళ్ళు తన మాట కాక ఆమె మాట నమ్ముతారనీ అతనికి తెలిసుండాలి. ఆ నమ్మకాన్ని గోడకి ఎక్కడ బిగిస్తాం?

డబ్బా పెట్టిన మూడోవారం, తెల్లవారుజామున నాలుగున్నరకి మోగింది. నలుగురైదుగురు మగవాళ్ళు టార్చిలైట్లతో, ఒకరు క్రికెట్ బ్యాటుతో పరిగెత్తారు. నేనూ వెనకే వెళ్ళాను. బాట మధ్యలో ఒకామె భుజాన సంచీతో నిలబడి ఉంది. యాభై దాటి ఉంటాయి. ఉప్పల్ వైపు నుంచి నడిచొచ్చి, పార్కులోంచి అడ్డదారిన అవతలి వీధికి పోయి అట్టపెట్టెలూ సీసాలూ ఏరుకుంటుంది. ఏళ్ళ తరబడి అదే దారి. సంచీ బోర్లించమన్నారు. బోర్లించింది. ఖాళీ సీసాలు దొర్లుకుంటూ పోయాయి.

"నేనేం జేసిన సారూ? నడిచిన, గంతే."

నేను ఆమె పక్షాన నిలబడలేదు. "పోనీండి, పాపం" అన్నాను. ఆ 'పాపం'లో ఎంత ఎత్తు మీద నిలబడి మాట్లాడానో ఇంటికొచ్చాక గానీ తెలియలేదు. డబ్బా ఆమెను దొంగ అనలేదు. దానికంత తెలివి లేదు. అన్నది మేము. ఇంకో సంగతి చెప్పాలి. అయిదున్నరకి, మేం నడిచే వేళకి, వాచ్‌మన్ దాన్ని ఆపేస్తాడు. మా చెవులు గింగురుమంటున్నాయని మేమే అడిగాం. అంటే, మా కోసం పెట్టింది మేమున్నప్పుడు మోగదు.

1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ స్త్రీలతో రాత్రి 7 నుంచి పొద్దున 6 దాకా పని చేయించకూడదంది. ఈ నాచారం పారిశ్రామికవాడలోనూ అదే చట్టం ఉండేది. రాత్రి ప్రమాదమైతే రాత్రిని బాగుచెయ్యక స్త్రీని ఇంటికి పంపుతారా అని ఎన్ని సభల్లో ఆవేశపడ్డానో! 2000లో మద్రాసు హైకోర్టు ఆ నిబంధనను కొట్టేస్తే సంబరపడ్డాను. ఇప్పుడు నేను చేసిందేమిటి? ఇంకో స్త్రీని ఆమె పనివేళ నుంచి బయటికి తోలాను. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో ముంబయి గురించి రాసిన పుస్తకంలో, వీధి మీద స్త్రీల హక్కు పేదవాళ్ళ హక్కుతో సహా వస్తేనే వస్తుందన్నారు. చదివి తల ఊపినదాన్నే.

తర్వాతి సమావేశంలో డబ్బా తీసేద్దామన్నాను. "మీరే కదా మేడం అడిగింది" అన్నారు. అది ఊహించిందే. ఊహించనిది, గొలుసు పోగొట్టుకున్నామె లేచి మాట్లాడడం. ఆమె మెడ మీద గీత ఇంకా మానలేదు. "అది ఉందన్న ధైర్యంతోనే మళ్ళీ గడప దాటానక్కా. మీ సిద్ధాంతం కోసం నన్ను ఇంట్లో కూర్చోమంటారా?" అంది. నా దగ్గర జవాబు లేదు. పొద్దున అయిదింటికి వీధి ఊడ్చేవాళ్ళ చీపుళ్ళ చప్పుడు వినపడితే నాకు ధైర్యంగా ఉంటుంది, ఎవరో ఉన్నారని. అదే చెప్పాను. "వాళ్ళు మన పార్కులోకి రారు కదక్కా" అంది.

గుబురు సగం కొట్టించారు. ఒక దీపం వచ్చింది. డబ్బా అక్కడే ఉంది.

మొన్న ఆమె మెయిన్‌రోడ్డు మీద లారీల పక్కన నడుస్తూ కనిపించింది, అదే సంచీతో. ఆగి, మాతో కలిసి పార్కులోంచి రావచ్చు కదా అన్నాను. నన్ను ఎగాదిగా చూసి నవ్వింది.

"మీరు లేసే యాళ్ళకు నా పని అయిపోతదమ్మా."