రోకలి మీద కప్ప, మైనపు పళ్ళెంలో కప్ప

వానలు తప్పితే మా ఊళ్ళల్లో రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లి అని ఇంటింటికీ తిప్పుతాం. ప్రతి గడపా బిందెడు నీళ్ళు పోస్తుంది. ఏటూరునాగారం అడవి నుంచి వరంగల్‌కు డిగ్రీ చదువుకు వచ్చిన మాకు అదే కప్ప మైనపు పళ్ళెంలో, నాలుగు కాళ్ళకూ గుండుసూదులతో కనబడింది. మెదడు పొడిచేసినా గుండె కొట్టుకుంటూనే ఉంది. మాలో ఒకామెకు చెయ్యి ఆడలేదు. మిగతా వాళ్ళం మార్కుల కోసం కోశాం.

కప్ప గుండె నేర్పింది తక్కువేం కాదు. 1921లో ఆటో లోవీ ఒక కప్ప గుండె నరాన్ని ప్రేరేపిస్తే అది నెమ్మదించింది. దాన్ని తడిపిన ద్రవం రెండో గుండెకు పోస్తే అదీ నెమ్మదించింది. నరాలు రసాయనాలతో మాట్లాడతాయని అలా తేలింది. నరాల జబ్బులకు వాడే ఎన్నో మందులకు అదే దారి. ఆ అప్పు మనమీదా ఉంది, కాదనలేం.

కానీ లోవీకి జవాబు తెలియదు. మాకు పుస్తకంలో ముందే అచ్చయి ఉంది. తెలిసిన జవాబు కోసం ప్రాణం తీయొచ్చా? 2014లో యూజీసీ జంతుశాస్త్ర కోర్సుల్లో కోతలు ఆపమంది. అప్పటిదాకా ఈ ప్రశ్న తరగతిలో మేమూ అడగలేదు.

మనం మాత్రం పుణ్యాత్ములమా? రోకలి మీది కప్ప కూడా ఒప్పుకుని రాలేదు. మద్రాసు రాజధానిలో థర్‌స్టన్ అడవి జాతుల తలలు, ముక్కులు కొలిచి అంకెలుగా రాసుకున్నాడు. అందుకేనేమో, పళ్ళెంలో ఉన్నదాని వైపు నుంచి చూడటం మనకు కొంచెం సులువు.

చెయ్యి ఆడనామె ఇప్పుడు టీచరు. తొలివానకు పిల్లల్ని కుంట గట్టుకు తీసుకెళ్ళి, బెకబెకమనే కప్ప గొంతు ఎలా ఉబ్బుతుందో చూపిస్తుంది.