మేలుకొన్న కన్నులకు దాసోహము



కాయకమును గూర్చి మనము తరచుగా చెప్పుకొందుము. కాయకము చేయువారి కనురెప్పలను గూర్చి మాత్రము తలచుట అరుదు. నేడు ఆ మాటయే మీకు విన్నవింపదలచితిని.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించినది. ఆ నెల 22న మనము వాకిళ్ళలో నిలిచి వైద్యులకు, నర్సులకు చప్పట్లు కొట్టితిమి. కొన్ని నెలల తరువాత, నర్సుగా పనిచేయుచున్న నా పూర్వ విద్యార్థిని యొకతె ఫోను చేసి, "మాస్టారూ, డ్యూటీ దిగి వచ్చినా నిద్ర పట్టడం లేదండీ. కళ్ళు మూస్తే మిషన్ల మోతే వినిపిస్తోంది" అన్నది. "కాయకమనుకో తల్లీ, ఓర్చుకో" అంటిని. "సరేనండీ" అని ఫోను పెట్టివేసినది. నా మాట ఎంత తప్పో తరువాతగాని నాకు తెలియలేదు.

ఆ బాధ ఆమె యొక్కతెదే కాదు. 2020 జనవరి చివర, ఫిబ్రవరి మొదట చైనాలోని 34 ఆసుపత్రులలో 1,257 మంది వైద్యులను, నర్సులను పరిశోధకులు ప్రశ్నించిరి. నూటికి 34 మందిలో నిద్రలేమి, 44 మందికి పైగా ఆందోళన, సగము మందిలో కుంగుబాటు, 71 మందికి పైగా మనోవేదన కానవచ్చినవి. స్త్రీలలోను, నర్సులలోను, వుహాన్ నగరమున రోగుల చెంత నిలిచినవారిలోను ఆ బాధ మరింత అధికము.

కారణములు దుర్గ్రాహ్యములు కావు. రాత్రి డ్యూటీలు మారుచుండగా దేహము రేయింబవళ్ళ లెక్క తప్పును. రక్షణ దుస్తులలో గంటల కొలది నీరైనను త్రాగక నిలువవలెను. అయినవారెవరును దగ్గర లేని రోగి తుదిశ్వాసను చూడవలెను. ఇంటికి పోయినచో బిడ్డలకు రోగమంటునేమో యను భయము. భయపడిన మనస్సు కావలివానివలె మేలుకొనియే యుండును. నిద్ర లేనందున భయము పెరుగును, భయము పెరిగినందున నిద్ర తొలగును. ఇది భక్తిలోపము కాదు, పిరికితనమును కాదు. అలసిన దేహము పెట్టు మొర.

చప్పట్లు విన్న ఊళ్ళలోనే కొందరు నర్సులను అద్దె ఇల్లు ఖాళీ చేయుమనిరి. ఆరోగ్య సిబ్బందిపై దాడులను శిక్షించుటకు 2020 ఏప్రిల్ 22న ఆర్డినెన్సు తేవలసి వచ్చినది. ఇది మనకు సిగ్గుచేటు కాదా?

ఆయ్దక్కి మారయ్య కథ మీరెరిగినదే. కల్యాణమున రాలిన బియ్యపుగింజలు ఏరుట ఆయన కాయకము. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ తేగా, లక్కమ్మ అంగీకరింపక అధికమును తిరిగి పోసి రమ్మని పంపినది. కాయకమునకును మితి కలదని ఆ తల్లి నేర్పినది. అధికముగా పుచ్చుకొనుట తప్పయినచో, ఒకరి భుజముపై అధికముగా మోపుట ఒప్పగునా? దేహమును దేవాలయముగా తలచు మార్గము మనది. రాత్రి గుడి తలుపు మూయుటయు పూజలోని భాగమే కదా!

2023 మే 5న ఆ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించిరి. కాని పోయిన నిద్ర ప్రకటనతో తిరిగి రాదు. కావున రాత్రి డ్యూటీ చేసి వచ్చినవారు పగలు నిద్రించునపుడు ఆ గదిని చీకటిగా, నిశ్శబ్దముగా ఉంచుడు. పడుకొనుటకు ముందు కాఫీ, టీలు వద్దనుడు. వంటపని మీరు చేయుడు. వారాల తరబడి నిద్ర లేనిచో మానసిక వైద్యుని వద్దకు వెంటబెట్టుకొని పోవుడు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరున ఫోను చేయవచ్చును. ఇదియు దాసోహమే.

ఆ విద్యార్థిని ఇటీవల మా యింటికి వచ్చినది. ఈసారి ఓర్చుకొమ్మనలేదు. "రాత్రి నిద్ర పడుతోందా తల్లీ?" అని అడిగితిని. ఆమె చాలసేపు మాటాడినది. నేను విన్నాను, అంతే.

మీ యింట, మీ వీధిలో అట్టివారు ఉందురు. ఆ ప్రశ్న మీరును అడుగుడు.